కంపెనీ వాటాలు: కొనుటకు ముందు రైతులు తెలియవలసిన సంగతులు

కందులు, మిరపకాయలు అమ్మగా మిగిలిన సొమ్మును కంపెనీవాటాలలో పెట్టవచ్చునా యని యోచించు రైతులు తర్లుపాడు ప్రాంతమున నేడు లేకపోలేదు. సంఘసభ్యులకు వాటా యనునది క్రొత్తమాట కాదు. అయినను సంఘపు వాటాకును కంపెనీ వాటాకును గల భేదమును మొదట గ్రహింపవలెను.

సహకారసంఘమున వాటాలెన్ని యున్నను సభ్యునకు ఓటు ఒక్కటియే. కంపెనీలో వాటాలెన్నియో ఓట్లన్ని. సంఘపు వాటా విలువ స్థిరము; కంపెనీ వాటా ధర మిరపధరవలె దినదినమును హెచ్చుచు తగ్గుచుండును. వాటాదారు అప్పిచ్చినవాడు కాడు, పాలివాడు. లాభము పంచినయేట డివిడెండు ముట్టును, లేనియేట ముట్టదు. కంపెనీ మునిగినచో అప్పులవారికి చెల్లింపగా మిగిలినదే యతనిది. అయితే పూర్తిగా సొమ్ము చెల్లించిన వాటాదారునకు నష్టము ఆ సొమ్మువఱకే. కంపెనీ యప్పులకై యతని పొలము జప్తు కాదు.

మన దేశమున రెండు నిదర్శనములు గలవు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రాబ్యాంకు లక్షరూపాయల మూలధనముతో మొదలై వృద్ధిపొందెను. 1980లో ప్రభుత్వపరమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసెను. అప్పుడు దాని వాటాదారులకు ప్రతి 1000 వాటాలకును యూనియన్ బ్యాంకు వాటాలు 325 వచ్చెను. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు కథ వేఱు. లెక్కలు తప్పుగా చూపితిమని దాని యధ్యక్షులు 2009 జనవరి 7న లేఖ వ్రాయగా, ముందునాడు సుమారు 179 రూపాయలున్న వాటా ఆనాడే సుమారు 40 రూపాయలకు దిగెను. పేరు చూచి సొమ్మంతయు ఒక్కచోట పెట్టరాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

కొనగోరువారు సెబీవద్ద నమోదైన బ్రోకరుద్వారా, పాన్‌కార్డు, బ్యాంకు ఖాతాలతో, తమ పేరనే డీమాట్ ఖాతా తెఱవవలెను. వాటాలు అందే జమయగును. ఆ కంపెనీ యేమి వ్యాపారము చేయుచున్నది, అయిదేండ్లుగా లాభమెంత, అప్పులెన్ని యని వార్షికనివేదికలో చూడవలెను. "నెలకింత లాభము తప్పదు" అని పలుకువాని చేతికి రూపాయియైన నీయరాదు. ఫోనునకు వచ్చు రహస్యసంఖ్యను ఎవరికిని చెప్పరాదు.

అన్నిటికంటె ముఖ్యము, ఏ సొమ్ము పెట్టవలెననుట. మనది వాననమ్ముకొన్న మెట్టసీమ. వాన తప్పినను, బోరు ఎండినను వెంటనే డబ్బు కావలసివచ్చును. ఆనాడు ధర తగ్గియున్నచో నష్టమునకే అమ్మవలసి యుండును. కావున విత్తనములు, ఎరువులు, సంఘపు బాకీ, పిల్లల చదువు, ఇంటి ఖర్చు తీసి, కొన్నియేండ్లు ముట్టనక్కఱలేని సొమ్ములో కొంతమాత్రమే వాటాలలో పెట్టుట మేలు. పంటఋణముతో వాటాలు కొనుట విత్తుగింజలను వండుకొనుట వంటిది. సోదరులు ఈ సంగతి మఱవకుందురు గాక.