గుండె ఆపరేషనుతోనే గండం గడిచినట్లు కాదు

చిన్నతనంలో గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ళవాపుతో వచ్చే రుమాటిక్ జ్వరం పల్లెల్లో ఎందరి గుండె కవాటాలనో పాడుచేసింది. ఆస్తులమ్మినా అందని కవాటం ఆపరేషను 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక పేద కుటుంబాలకూ అందింది. అయితే ఆపరేషను అయిన ఆరు నెలలకు ఆయాసం పోయి, పొలం పనికి వెళ్ళగలిగేసరికి, "బాగానే ఉన్నాను గదా, ఇంకా ఈ బిళ్ళ ఎందుకు?" అని మానేసేవారున్నారు. అసలు ముప్పు అక్కడే ఉంది.

మెటల్ వాల్వు అని జనం పిలిచే కృత్రిమ కవాటం ఒంటికి పరాయి వస్తువు. దాని మీద నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డ కవాటానికి అడ్డుపడితే ఊపిరాడదు. మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే వార్ఫరిన్, ఎసిట్రామ్ వంటి బిళ్ళలు బతికినంత కాలం వాడాలి.

రక్తపరీక్ష తప్పదు

బిళ్ళ తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. మోతాదు సరిపోయిందో లేదో చెప్పేది ఐ.ఎన్.ఆర్. పరీక్ష. మందు వాడని మనిషికిది 1 దగ్గర ఉంటుంది. మిట్రల్ స్థానంలో మెటల్ వాల్వు వేసినవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. బస్సు చార్జీ, ఒకరోజు కూలి పోతాయని పరీక్ష ఎగ్గొడితే ప్రాణానికే ముప్పు.

అడగకుండా సూది వద్దు

దుకాణంలో కొనే ఒళ్ళునొప్పుల బిళ్ళలు రక్తస్రావాన్ని పెంచుతాయి. కండకు సూది వేసినచోట నెత్తురు గూడుకట్టవచ్చు. ఆకుకూరలు మానక్కరలేదు గాని, ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ కాకుండా ఒకే తీరుగా తినాలి. పన్ను పీకించుకునే ముందు ఆపరేషను సంగతి చెప్పాలి. లేకుంటే నోటిలోని సూక్ష్మజీవులు నెత్తురులో కలిసి కవాటాన్ని పట్టవచ్చు.

ఈ బిళ్ళ కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. సొంతంగా మానితే తల్లికి ముప్పు. కనుక బిడ్డ కావాలనుకునే స్త్రీలు ముందుగానే గుండె డాక్టరును కలవాలి.

సొంత కవాటాన్నే బాగుచేయించుకున్నవారికి చాలావరకు ఈ బిళ్ళ కొన్ని నెలలే ఉంటుంది. కాని ఆ కవాటం మళ్ళీ లీకు కావచ్చు, బిగుసుకుపోవచ్చు. డాక్టరు చెప్పిన గడువుకు ఎకో పరీక్ష చేయించుకోవాలి.

ఆగకుండా బయలుదేరాలి

కొత్తగా ఆయాసం, తగ్గని జ్వరం, నల్లటి విరేచనం, మాట తడబాటు, కాలో చెయ్యో పడిపోవడం, మెటల్ వాల్వు టిక్కుటిక్కు చప్పుడు మందగించడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేసి, ఆపరేషను కాగితాలు, వాడుతున్న బిళ్ళలు వెంట తీసుకుని పెద్దాసుపత్రికి చేరాలి.