గాలిలోని బొమ్మకు తాళము

ఉపగ్రహము నుండి వెలువడు టెలివిజన్ తరంగములు దేశమంతటిపై వానవలె కురియును. ఈ పెరటిలో పడుము, ఆ పెరటిలో పడకుము అని వానను శాసింపలేము. అట్లే, చందా చెల్లించిన ఇంటికే పొమ్మని తరంగములను శాసింపలేము. చందా సొమ్ముపై ఆధారపడిన టెలివిజన్ కంపెనీ తన కార్యక్రమములను చెల్లించినవారికి మాత్రమే ఎట్లు చూపగలుగును? తరంగమును ఆపుట సాధ్యముకాదు గనుక, అది మోసుకొనిపోవు బొమ్మను కలగాపులగము చేసి పంపవలెను. దానిని తిరిగి సరిచేయు ఉపాయము చందాదారుని ఇంటనే ఉండవలెను.

ఈ పనికై 1988లో ఇజ్రాయెల్ దేశమున న్యూస్ డేటాకామ్ అను సంస్థ ఏర్పడెను. తరువాత అది ఎన్.డి.ఎస్. అను పేరుతో ప్రసిద్ధి పొందినది. రహస్యలిపి శాస్త్రమున పేరెన్నికగన్న గణితవేత్త ఆది షమీర్ పరిశోధనలు దాని తొలి పద్ధతికి పునాది. 1989లో బ్రిటన్‌లో ప్రసారములు ఆరంభించిన స్కై టెలివిజన్ కొరకు, ఫ్రాన్సు దేశపు థామ్సన్ కంపెనీతో కలిసి, ఈ సంస్థ వీడియోక్రిప్ట్ అను పద్ధతిని సమకూర్చెను.

గీతలను కోసి తిప్పుట

ఆనాటి ఐరోపా టెలివిజన్ బొమ్మ 625 అడ్డగీతలతో కూడినది. వీడియోక్రిప్ట్ బొమ్మలోని ప్రతి గీతను ఒకచోట రెండుగా కోసి, ముందు ముక్కను వెనుకకును, వెనుక ముక్కను ముందునకును మార్చును. విద్యార్థులు దీనిని కాగితముపై చేసి చూడవచ్చును. 1 నుండి 10 వరకు అంకెలను వరుసగా వ్రాసి, 4 తరువాత కోసి ముక్కలను తారుమారు చేసినచో 5, 6, 7, 8, 9, 10, 1, 2, 3, 4 అని వచ్చును. కోసిన చోటు తెలిసినవానికి దీనిని సరిచేయుట సులభము. కాని కోతకు 256 స్థానములు కలవు. ఒక గీతకు ఒకచోట, మరియొక గీతకు వేరొకచోట కోత పడుచుండును. తాళము తీయని టెలివిజన్‌లో ఆకారములు చెదరిపోయి చారలు మాత్రమే కనిపించును.

ఏ గీతను ఎక్కడ కోసినదియు ఇంటిలోని పెట్టెకు ఎట్లు తెలియును? ప్రసారకేంద్రములోను, ఇంటిలోను ఒకే విధమైన సంఖ్యోత్పాదక యంత్రములు ఉండును. రెండింటికిని ఒకే ఆరంభసంఖ్యను ఇచ్చినచో రెండును ఒకే సంఖ్యల వరుసను పుట్టించును. ఆ వరుసయే కోతల పట్టిక. కనుక రహస్యమంతయు ఆరంభసంఖ్యలోనే ఇమిడియున్నది.

కార్డులోని తాళపుచెవి

ప్రసారకేంద్రము సుమారు రెండున్నర సెకనులకొకసారి బొమ్మతోపాటు ఒక సందేశమును పంపును. పెట్టె దానిని తనలో దూర్చిన స్మార్ట్ కార్డుకు అందించును. కార్డులోని చిప్పు తనయందు దాచబడిన రహస్యముతో లెక్కకట్టి, 60 బిట్ల ఆరంభసంఖ్యను తిరిగి ఇచ్చును. చందా గడువు తీరిన కార్డును పనిచేయవద్దని ఆజ్ఞాపించు సందేశము కూడ ఆ గాలిలోనే వచ్చును.

60 బిట్లతో ఏర్పడగల సంఖ్యలు దాదాపు 11,500 కోట్ల కోట్లు. సరిగా చెప్పవలెనన్న 2ను అరువది సార్లు గుణించినంత. సెకనుకు పది కోట్ల సంఖ్యలను పరీక్షించు యంత్రమునకు వానినన్నిటిని చూచుటకు సుమారు 365 సంవత్సరములు పట్టును. ఆ సంఖ్య ఆయుర్దాయమో రెండున్నర సెకనులు!

శత్రువు చేతిలోని తాళము

ఇంతటి తాళము ఎట్లు విడిపోయెను? సాధారణముగా రహస్యలిపిలో పంపువాడు, అందుకొనువాడు మిత్రులు. శత్రువు నడుమ నుండును. చందా టెలివిజన్‌లో అట్లు కాదు. అందుకొనువారిలోనే దొంగ ఉండవచ్చును. తాళము, తాళపుచెవి రెండును అతని ఇంటిలోనే ఉన్నవి. చిప్పును విప్పి చూచుటకు అతనికి కావలసినంత తీరిక కలదు.

1990ల దశకములో చౌర్యకారులు సంఖ్యలను ఊహించుటకు పూనుకొనలేదు. కార్డులోని రహస్యమును బయటికి తీసి నకలు కార్డులను తయారుచేసిరి. మరికొందరు పొరుగు గీతలు ఒకదానినొకటి పోలియుండును గదా అని గ్రహించి, కంప్యూటరు సహాయముతో ముక్కలను జతపరచి, కార్డు లేకుండనే బొమ్మను సరిచేసిరి. స్కై కంపెనీ పలుమార్లు పాత కార్డులను రద్దుచేసి కొత్తవి పంపవలసివచ్చెను.

1883లోనే ఆగస్టు కెర్కోఫ్స్ అను పండితుడు ఒక సూత్రమును చెప్పియుండెను: పద్ధతి శత్రువుకు తెలిసినను నష్టము రాకూడదు, తాళపుచెవి ఒక్కటే రహస్యముగా నుండవలెను, దానిని సులువుగా మార్చగలిగియుండవలెను. కార్డును పెట్టెనుండి వేరుచేసి ఉంచుటలోని వివేకము ఇదియే. తాళము విరిగినపుడు పెట్టెలన్నిటిని మార్చనక్కరలేదు. కార్డును మార్చిన చాలును.

గాలిలో వచ్చిన దెబ్బ

అమెరికాలోని డైరెక్ టీవీ కంపెనీయు ఎన్.డి.ఎస్. కార్డులనే వాడెను. అచట నకలు కార్డుల వాడుక మితిమీరగా, కంపెనీ ఉపగ్రహము ద్వారా కార్డులకు చిన్నచిన్న ఆదేశ ఖండములను పంపసాగెను. విడివిడిగా చూచినచో అవి నిరర్థకములుగా తోచినవి. 2001 జనవరి 21వ తేదీన పంపిన తుది ఆజ్ఞతో ఆ ఖండములన్నియు కలిసి పనిచేసి, అక్రమముగా మార్చబడిన కార్డులను పెద్దసంఖ్యలో పాడుచేసెను. చౌర్యకారులు ఆ దినమునకు ‘నల్ల ఆదివారము’ అని పేరిడిరి.

అంతటితో పోరు ముగియలేదు. ఒక వాహికను చూచు కార్డులన్నిటినుండి వచ్చు జవాబు ఒక్కటే. కనుక ఒక అసలు కార్డు జవాబును ఇంటర్నెట్ ద్వారా అనేక గృహములకు అందించు మోసము బయలుదేరెను. దీనికి ప్రతిగా, ఒక కార్డు ఒక పెట్టెతో మాత్రమే మాటలాడునట్లు జతపరచు పద్ధతి వచ్చినది. తాళము తీసిన పిమ్మట కనిపించు బొమ్మనే ఇంటర్నెట్‌లో ప్రసారముచేయువారిని పట్టుటకు, బొమ్మలో కంటికి కనబడని గుర్తును చేర్చు పద్ధతి కూడ వచ్చినది. ఆ గుర్తును చదివి, దొంగబొమ్మ ఏ చందాదారుని నుండి బయటపడినదో కనుగొనవచ్చును.

2006లో మన దేశమున ప్రసారములు ఆరంభించిన టాటా స్కై సంస్థయు ఎన్.డి.ఎస్. పద్ధతినే స్వీకరించినది, తెలుగునాట అనేక గృహములలో పెట్టెలోనికి దూర్చిన కార్డు చేసినది ఈ పనియే. 2012లో అమెరికాకు చెందిన సిస్కో కంపెనీ ఎన్.డి.ఎస్.ను కొనెను. 2018లో ఆ వ్యాపారము మరల చేతులు మారి సినామీడియా అను పేరు పొందినది.

ఎన్నటికిని విడిపోని తాళమును శత్రువు ఇంటనే ఉంచుట దుస్సాధ్యము. కాని విడదీయుటకగు వ్యయము అందువలన కలుగు లాభమునకు మించినచో దొంగకు ఆ పనిపై ఆసక్తి నశించును. ఒక కార్డు విడిపోయినను తక్కినవి నిలుచునట్లు, విడిపోయిన తాళమును త్వరగా మార్చగలుగునట్లు ఏర్పాటుచేయుటయే ఈ శాస్త్రమున నేర్పు.