విద్యుత్ గిటారు: తీగ నుండి భూమి దాక

ప్రతి సంవత్సరము డిసెంబరు 23వ తేదీన సింగరేణి దినోత్సవము జరుగును. 1920లో ఆ తేదీననే సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడినది. ఆనాడు బొగ్గుగనుల పట్టణములన్నిటను ఆటలు, పాటలు, సన్మానములు ఉండును. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి సభ యొకదానికి ధ్వనిముద్రణ నిమిత్తము బెల్లంపల్లికి పోయితిని. చలి ముదురుచుండెను. మొదటి షిఫ్టువారు స్నానములు చేసి, మఫ్లరులు చుట్టుకొని, పిల్లాజెల్లలతో వచ్చి షామియానా క్రింద కూర్చుండిరి.

ఆర్కెస్ట్రాలో గిటారు పట్టిన కుఱ్ఱవాడు ఒక గని కార్మికుని కుమారుడు. వ్రేళ్లలో మంచి పస యున్నది. పాదముల యొద్ద నాలుగు చిన్న పెడళ్లు. పాటగాని మైకు ఒక ఆంప్లిఫయరుకు, ఒక కరెంటు బోర్డుకు కలిపియుండగా, గిటారుకు వేరొక పాత మైకుసెట్టు ఆంప్లిఫయరును, వేరొక బోర్డు నుండి కరెంటును ఇచ్చిరి. కమ్ముల వంటి హారను స్పీకరు నుండి వచ్చిన గిటారు ధ్వని రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి కదిపినట్లుండెను. వినబడుట లేదని అతడు శబ్దమును పెంచెను. చెవులు చిల్లులు పడునట్లు ఈల పుట్టెను. తగ్గించెను, పాటలో మునిగిపోయెను. తుదకు తానే పాడబూని మైకు మీదికి వంగగా పెదవికి చురుక్కున షాకు తగిలినది. తోటివారు నవ్విరి.

ముందు వరుసలోని గని ఎలక్ట్రీషియను ఒకరు మాత్రము నవ్వలేదు. వేదిక యెక్కి, గిటారు ఆంప్లిఫయరు ప్లగ్గును ఊడదీసి అందరకును చూపెను. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్త్ కాలు లేదు. ఎవరో సాకెట్టులో పట్టలేదని విరుగగొట్టిరి. "బాయిల ఎర్త్ లేకుంటె మోటరు నడువనియ్యం బిడ్డా. ఈడ నీ చేతికిచ్చి పాడుమన్నరా?" అని ఆయన అనిన మాట నా చెవులలో నేటికిని వినబడుచున్నది.

ఆ రాత్రి ఆ బాలునికి కలిగిన కష్టములు రెండు. స్వరము బాగుండలేదు, ప్రాణమునకు ముప్పు వచ్చినది. రెండును వేర్వేరు సంగతులుగా కనబడును. కాని రెండింటికిని కారణము ఒకటియే. విద్యుత్ గిటారు చేతిలోని కొయ్యతో ముగియునని మనము భ్రమపడుదుము. అది తీగ వద్ద మొదలై, పికప్పు, కేబులు, పెడళ్లు, ఆంప్లిఫయరు, లౌడ్ స్పీకరు అను లంకెల మీదుగా నడచి, భూమి వద్ద ముగియును. గనిలో టబ్బులను లాగు హాలేజి తాడునకు ఎక్కడ ఒక్క లంకె ఊడినను టబ్బులన్నియు దిగజారును. ఇచటను అంతే. కనుక ఆ లంకెలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మామూలు గిటారునకు బోలు పెట్టెయే బలము. తీగ కదలిక పెట్టెలోని గాలిని కదల్చి శబ్దమగును. బాకాలు, డోళ్లు ఉన్న బృందములో ఆ శబ్దము చాలదు. అందుచేత 1930 ప్రాంతమున అమెరికాలో జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బేకర్ అనువారు తీగల క్రింద అయస్కాంతమును, సన్నని రాగితీగ చుట్టను అమర్చి గిటారు చేసిరి. ఇదే పికప్పు. ఉక్కు తీగ అయస్కాంత క్షేత్రములో కదలినపుడు చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. తీగ సెకనుకు ఎన్నిమారులు కదలునో ఆ విద్యుత్తును అన్నిమారులు కదలును. నైలాను తీగలు వేసినచో ఈ పికప్పు మూగపోవును. అయస్కాంతమునకు నైలానుతో పనిలేదు గదా. పెట్టెతో అవసరము తీరిపోవుటచే 1950లో లియో ఫెండరు గట్టి చెక్క గిటారును, 1951లో బేస్ గిటారును విపణిలోనికి తెచ్చెను. ఒంటి చుట్ట పికప్పు పరిసరములలోని దీపముల, ట్రాన్స్‌ఫార్మరుల రొదను సైతము గ్రహించును. 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ అను ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలిపి, రొద తనంతట తాను రద్దగునట్లు చేసెను.

ఇది పాశ్చాత్యుల వేడుక, మనకేల యని అనుకొనరాదు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌ను తలచుకొనుడు. పాశ్చాత్య మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన వెంటనే నాదము చచ్చిపోవును. గమకమునకు చోటు దొరకదు. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టెను. నాదము నిలిచినది, తీగను లాగి, జార్చి, గమకములను పలికించుటకు వీలు కలిగినది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొమ్మిదేండ్ల బాలుడుగా కచేరీ చేసినది మొదలు, 2014లో నలుబదియైదవ యేట కన్నుమూయువరకు, ఆయన విద్యుత్తును శబ్దము పెంచుటకు గాక నాదము నిలుపుటకు వాడుకొనెను. విద్యుత్ వాద్యము పట్టిన ప్రతి బాలుడును నేర్వవలసిన మొదటి పాఠము ఇదియే.

ఇక కేబులు. పికప్పులో పుట్టు విద్యుత్తు సన్నని ఊటబావి వంటిది. ఊటబావికి పెద్ద మోటరు బిగించినచో క్షణములో నీరు అడుగంటును. అట్లే పాటగాని మైకు కొఱకు చేసిన తక్కువ ఓముల సాకెట్టులో గిటారును నేరుగా గ్రుచ్చినచో పై స్థాయి స్వరములు హరించి, ధ్వని కంబళి కప్పినట్లు మందగించును. గిటారునకు సుమారు పది లక్షల ఓముల ద్వారము కావలెను. గిటారు ఆంప్లిఫయరులోను, మంచి పెడలులోను అట్టి ద్వారము ఉండును. మైకుసెట్టుకే కలుపవలసి వచ్చినచో నడుమ డి.ఐ. పెట్టె యుంచుట పద్ధతి. కేబులు ఇరువది అడుగులకు మించి పొడుగైనకొలది తళుకు తగ్గును. చుట్టలు చుట్టలుగా ఏబది అడుగుల కేబులును వాడుట గొప్ప కాదు.

పెడలు అనగా ధ్వనిని మార్చు చిన్న పెట్టె. కాలితో నొక్కినపుడు పనిచేయును, మరల నొక్కినపుడు ఊరకుండును. వీనిలో మూడు జాతులు ముఖ్యము. మొదటిది ధ్వనిని చిదిమి గరుకు పుట్టించునది. పూర్వము వాల్వు ఆంప్లిఫయరును దాని శక్తికి మించి నడిపినపుడు విద్యుత్ తరంగపు శిఖరములు నునుపుగా తెగి, స్వరము బొంగురుపోయి, వింత సొగసు వచ్చెడిది. ఆ గరుకును ట్రాన్సిస్టరులతో చేసి చూపిన మాస్ట్రో ఫజ్ పెట్టె 1962లో వచ్చినది. నేటి ఓవర్‌డ్రైవు, డిస్టార్షను పెడళ్లు దాని సంతతియే. రెండవ జాతి స్వరమును అలలుగా ఊగించునది. కోరస్, ఫేజరు ఇందులోనివి. మూడవది ప్రతిధ్వని నిచ్చునది. డిలే, రివెర్బు దీని పేర్లు.

వీనిని కలుపు వరుస ముఖ్యము. ముందు శ్రుతి చూచు పెడలు, పిమ్మట గరుకు, పిమ్మట ఊపు, చివర ప్రతిధ్వని. ఇందుకు కారణము ఊహించుట కష్టము కాదు. ఒకడు పెద్ద హాలులో అరచిన యెడల కేక ముందు, ప్రతిధ్వని వెనుక. వరుస తలక్రిందులై ప్రతిధ్వని ముందు వచ్చినచో, ఆ ప్రతిధ్వనులన్నియు గరుకు పెడలులో పడి నలిగి, ఒక్క ముద్దయగును. ఇది శాసనము కాదు. కావలెనని ముద్ద చేయువారును కలరు. కాని నియమము తెలిసి మీరుట వేరు, తెలియక మీరుట వేరు. ప్రతిధ్వని కాలమును పాట నడకకు సరిపెట్టుటకు ఒక సులభ గణితము కలదు. అరువది వేలను నిమిషపు దెబ్బల సంఖ్యచే భాగింపుడు. నిమిషమునకు 120 దెబ్బల నడకకు 500 మిల్లీ సెకనులు వచ్చును. పెడళ్లలో పెక్కింటికి 9 వోల్టుల విద్యుత్తు, నడిమి మొన ఋణము. అడాప్టరును కొనునపుడు ఆ గుర్తును చూడనిచో పెడలు కాలిపోవచ్చును.

ఆంప్లిఫయరు మీది మరలలో గెయిన్‌కును మాస్టర్‌కును భేదము తెలియక పలువురు చిక్కుపడుదురు. గెయిన్ లోపలికి వచ్చు ధ్వనిని ఎంత బలపరుపవలెనో నిర్ణయించును. అది మించినచో గరుకు పుట్టును. మాస్టర్ బయటికి పోవు బిగ్గరతనమును నిర్ణయించును. మొదట బేస్, మిడిల్, ట్రెబుల్ మూడింటిని గడియారపు పండ్రెండు గంటల చోట నిలుపుడు. గెయిన్ తక్కువగా ఉంచి, మాస్టర్‌ను మెల్లగా పెంచుడు. తరువాత ఒక్కొక్క మరనే కదల్చి వినుడు. ఇంటిలో ఒంటరిగా వాయించునపుడు మిడిల్ తగ్గించి, తక్కిన రెండును పెంచినచో ధ్వని పెద్దదిగా, ఘనముగా తోచును. అదే అమరికతో వేదిక యెక్కినచో గిటారు అదృశ్యమగును. క్రింది స్థాయిని బేస్ గిటారు, డోలకు ఆక్రమించును. పై స్థాయిని తాళములు ఆక్రమించును. గిటారునకు మిగిలినది మధ్యస్థాయియే. ఆ చోటును తానే ఖాళీ చేసికొని, వినబడుట లేదని మాస్టర్ త్రిప్పిన ప్రయోజన మేమి? పైగా చెవి లెక్క వేరు. పది వాట్లను నూరు వాట్లు చేసినను మన చెవికి సుమారు రెండింతల బిగ్గరగా మాత్రమే తోచును.

లౌడ్ స్పీకరును సైతము వాద్యములో భాగముగనే ఎంచవలెను. గిటారు ఆంప్లిఫయరులలో తరచుగా ఉండు పండ్రెండు అంగుళముల స్పీకరు సుమారు 5,000 హెర్ట్జులకు పైబడిన ధ్వనిని ఇంచుమించు పలుకదు. ఆ లోపమే దాని గుణము. గరుకు పెడలు పుట్టించు ముళ్లను అది వడగట్టును. బెల్లంపల్లి బాలుని గిటారు రేకు డబ్బావలె మ్రోగుటకు హేతువు ఇదే. హారను స్పీకరు ముళ్లను వడగట్టకపోగా, వానినే ఎత్తి చూపును. క్రింది స్వరములను వదలివేయును. గిటారు ఆంప్లిఫయరు ముందు ఒక మైకు నుంచి, దానిని సభ స్పీకరులకు కలుపుట ఉత్తమము. అది లేనపుడు స్పీకరు గుణమును అనుకరించు పెడలును వరుసలో కడపట పెట్టవచ్చును.

బేస్ గిటారు సంగతి కొంత వేరు. గిటారు కడపటి లావు తీగ సెకనుకు సుమారు 82 మారులు కదలును. బేస్ లావు తీగ 41 మారులే. అంత మంద్రస్వరమునకు ఎక్కువ గాలిని కదల్పవలెను గనుక పెద్ద స్పీకరును, గిటారునకు మూడు నాలుగింతల వాట్లును కావలెను. చిన్న గిటారు ఆంప్లిఫయరుతో బేస్‌ను గట్టిగా వాయించినచో స్పీకరు కాగితము చినుగును. పెడళ్లలో బేస్‌కు మొదట కావలసినది కంప్రెసరు. అది హెచ్చుతగ్గుల దెబ్బలను సమము చేయును.

ఇక చివరి లంకె. గిటారు తీగలను లోపలి నుండి ఒక సన్నని వైరు ఆంప్లిఫయరు ఇనుప చట్రమునకు కలుపును; రొద తగ్గుటకై చేసిన ఏర్పాటు ఇది. అనగా వాయించువాని చేయి ఎల్లప్పుడు ఆ చట్రమును తాకియున్నట్లే లెక్క. చట్రము ఎర్త్ తీగ ద్వారా భూమికి కలిసియున్నచో భయము లేదు. ఆ తీగ తెగి, లోపల ఎక్కడనో ఇన్సులేషను చెడినచో 230 వోల్టులు తీగల మీదికి వచ్చును. వాయించువానికి వెంటనే తెలియకపోవచ్చును. వేరొక ఆంప్లిఫయరు ద్వారా ఎర్త్ అయిన మైకును పెదవి తాకినపుడు వలయము పూర్తియగును. విద్యుత్తు చేతి నుండి రొమ్ము మీదుగా పోవును. 1972లో బ్రిటనులోని స్వాన్సీ నగరమున స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాద్యకుడు లెస్లీ హార్వే మైకును తాకి వేదిక మీదనే మరణించెను. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఎర్త్ సరిగాలేని గిటారును వాయించుచు ఇంటిలోనే ప్రాణము విడిచెను.

అందుచేత నాలుగు నియమములు చెప్పుదును. ఎర్త్ కాలును విరువరాదు, వైరు తీయరాదు. గుంయ్‌మను రొద వచ్చినచో డి.ఐ. పెట్టె మీది గ్రౌండు మీటను వాడవలెనే గాని కరెంటు ఎర్త్‌ను ముట్టరాదు. వేదిక మీది ఆంప్లిఫయరులన్నిటికిని ఒకే బోర్డు నుండి కరెంటు తీయవలెను. ఆ బోర్డునకు 30 మిల్లీ ఆంపియరుల లీకేజికే తెగు బ్రేకరు నుంచవలెను. పాడుటకు ముందు ఎలక్ట్రీషియను చేత మైకు నడుమను గిటారు తీగల నడుమను వోల్టేజి కొలిపింపవలెను.

ఆనాడు ఆ ఎలక్ట్రీషియను క్రొత్త ప్లగ్గు బిగించి, రెండు ఆంప్లిఫయరులను ఒకే బోర్డుకు మార్చెను. మేము హారనును తీసివేసి పెట్టె స్పీకరును పెట్టించితిమి. డిలే పెడలును చివరకు జరిపితిమి. మిడిల్‌ను పెంచి, గరుకును సగమునకు తగ్గించితిమి. ఇంతకు పట్టినది పావుగంట. బాలుడు మరల మీటగా మాస్టర్ మునుపటికంటె తక్కువలో ఉన్నను గిటారు కడపటి వరుసకు వినబడెను. అతడు మైకు కడకు వంగుటకు ముందు ఒక్క నిమిషము తటపటాయించి, ముందు వరుస వైపు చూచెను. ఎలక్ట్రీషియను తల యూపెను. అప్పుడు పాడెను.