గాలి తగలని గాయం



వార్షిక పరీక్షలు అయిపోయాయి. మన పిల్లల్లో చాలామంది బ్యాగులు సర్దుకుని నరసరావుపేట వైపో, పర్చూరు వైపో, మార్కాపురం వైపో తాతయ్య, అమ్మమ్మల ఊళ్లకు బయలుదేరతారు. ఏడాదంతా బూట్లలో ఉన్న కాళ్లు అక్కడికి వెళ్లగానే చెప్పులు కూడా వదిలేస్తాయి. వెళ్లనివ్వండి, ఆడుకోనివ్వండి. కానీ ఎండాకాలంలో మన పొలాలు ఎలా ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పత్తి కట్టె కొట్టేశాక నేలలో మిగిలిన మోళ్లు మొనదేలి ఉంటాయి. గట్ల వెంట చిల్లకంప. వచ్చే పైరు కోసం చేలోకి తోలిన పశువుల పెంట. పిల్లలు క్రికెట్ ఆడేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఒక పిల్లాడు పరుగెత్తుతూ పడి మోకాలు చీరుకుపోయింది, రక్తం బాగా కారింది. ఇంకొకడి పాదంలో పత్తి మోడు గుచ్చుకుంది. చిన్న బెజ్జం, రెండు చుక్కల రక్తం, అంతే. ఎవరిని ముందు ఆసుపత్రికి తీసుకెళతారు?

మనలో ఎక్కువమంది మోకాలు చూసి కంగారు పడతాం. ధనుర్వాతం విషయంలో భయపడాల్సింది మాత్రం రెండో గాయానికి.

కారణం గాలి. పదో తరగతి పిల్లలు అవాయు శ్వాసక్రియ అని చదువుకుంటారు, అడిగి చూడండి. ఆక్సిజన్ లేకుండానే బతికే జీవులు ఉన్నాయి. వాటిలో కొన్నింటికైతే ఆక్సిజనే విషం. గోబర్ గ్యాస్ గుంతలో పేడను మురగబెట్టి గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులు ఈ కోవలోవే, అందుకే ఆ గుంతను గాలి చొరకుండా మూసి ఉంచుతారు. ఆక్సిజన్ వాడుకునే క్రమంలో కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి హానికర పదార్థాలు పుడతాయి. వాటిని విరగ్గొట్టే ఎంజైములు మన కణాల్లో ఉన్నాయి. గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుందే, అది ఆ ఎంజైము చేసే పనే. అవాయు బ్యాక్టీరియాలో చాలావాటికి ఈ రక్షణ లేదు, ఉన్నా చాలదు.

మరి గాలి తగిలే నేల మీద ఇవి ఎలా బతుకుతున్నాయి? ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటని అనే బ్యాక్టీరియా గట్టి పెంకున్న సిద్ధబీజంగా మారిపోతుంది. మిరప గింజ సంచిలో పడి ఉన్నట్టు, మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. మన రోహిణి కార్తె ఎండ దాన్ని ఏమీ చేయదు. 1889లో బెర్లిన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త కిటసాటో షిబసబురో దీన్ని మొదటిసారి విడదీసి పెంచింది ఈ మొండితనం ఆధారంగానే. వేడిచేసి మిగతా సూక్ష్మజీవులను చంపి, వేడికి చావని వీటిని హైడ్రోజన్ వాయువులో పెంచాడు.

చీరుకుపోయిన మోకాలికి గాలి తగులుతుంది, రక్తం కారి మట్టిని బయటికి తోస్తుంది. ముల్లు గుచ్చుకున్న చోట అలా కాదు. లోపల కండ నలిగి రక్తప్రసారం ఆగుతుంది, పైన చర్మం మూసుకుపోతుంది. ఆ చీకటి గదిలో సిద్ధబీజం మొలకెత్తుతుంది. అక్కడి నుంచి బ్యాక్టీరియా ఎటూ కదలదు, అది తయారుచేసే విషమే నరాల వెంట వెన్నుపాముకు చేరుతుంది. ఒక కండరం బిగిసినప్పుడు ఎదుటి కండరాన్ని వదులుగా ఉంచే సంకేతం ఒకటి ఉంటుంది. ఈ విషం దాన్ని ఆపేస్తుంది. ఇక పగ్గం తెగిన ఎడ్ల మాదిరి కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. ముందు దవడ తెరుచుకోదు, మెడ పట్టేస్తుంది, మింగలేరు. తర్వాత వెన్ను విల్లులా వంగిపోతుంది, ధనుర్వాతం అనే పేరు అందుకే. గట్టి శబ్దం, వెలుతురు కూడా ఆ ఈడ్పును రేపుతాయి కాబట్టే ఈ రోగులను చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గదిలో ఉంచుతారు. గాయమైన మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా ఇది మొదలుకావచ్చు. అప్పటికి ముల్లు సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు.

ఇక్కడ మన ఇళ్లలోని అలవాట్ల గురించి కాస్త కటువుగానే చెప్పాలి. ముల్లు దిగిన చోట జిల్లేడు పాలు పోయడం, కాఫీ పొడి అద్దడం, సున్నం పెట్టడం, గట్టిగా గుడ్డ కట్టడం, ఇవన్నీ గాలిని మూసేసే పనులే. పారే నీటితో, సబ్బుతో ఐదారు నిమిషాలు కడగండి. లోపల ముక్క విరిగి ఉంటే పిన్నీసుతో కెలకకుండా డాక్టరుకు చూపించండి. మట్టి పట్టిన గాయానికి ఆయన కుట్లు వేయకుండా వదిలేస్తే విసుక్కోకండి, కావాలనే తెరిచి ఉంచుతారు. అన్నట్టు, తుప్పుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. పెంటలో పడిన కొత్త మేకు కూడా అంతే ప్రమాదం.

దీనికి దగ్గరి బంధువు క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్. ట్రాక్టరు కింద కాలు నలిగినప్పుడు గ్యాస్ గ్యాంగ్రీన్ తెచ్చేది ఎక్కువగా అదే. గాయం చూస్తే ఇంతే, నొప్పి మాత్రం భరించలేనంత, వాపు గంటగంటకూ పాకుతుంది, నొక్కితే చర్మం కింద చిటపటమంటుంది. అది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. అవాయు బ్యాక్టీరియా మన పేగుల్లో, చిగుళ్ల సందుల్లోనూ కోట్లకొద్దీ ఉన్నాయి. ఉండాల్సిన చోట ఉన్నంతకాలం చెరుపు చేయవు. పిప్పి పన్ను కింద చీము గడ్డకు, అపెండిక్స్ పగిలినప్పుడు కడుపులో చీముకు వాటి పాత్ర పెద్దది.

మళ్లీ ధనుర్వాతానికి వద్దాం. పసికందులకు, బాలింతలకు వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలోనే ముందుగా 2003లో ధ్రువీకరణ పొందింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2015లో దేశమంతటికీ ఆ ధ్రువీకరణ వచ్చింది. గర్భిణులకు టీకా, శుభ్రమైన ప్రసవం వల్ల ఇది సాధ్యమైంది. అయితే మశూచి పోయినట్టు ఇది పోలేదు, పోదు కూడా. మశూచి మనిషి నుంచి మనిషికి పాకేది, ఇది నేలలో ఉండేది. ఒకసారి వచ్చి తగ్గినవారికి కూడా రక్షణ రాదు, టీకా వేయించుకోవాల్సిందే.

పిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు, ఏడాదిన్నర ప్రాంతంలో, ఐదేళ్లు దాటాక టీకాలు దాదాపు అందరూ వేయిస్తారు. తప్పిపోయేవి పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి వేయించాల్సిన టీడీ డోసులు. మొదటిది ఐదో తరగతిలో, రెండోది పదో తరగతి, ఇంటర్ హడావుడిలో. స్లిప్ టెస్టు మార్కులు గుర్తున్నంతగా ఇవి మనకు గుర్తుండవు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితమే. అన్ని డోసులూ సక్రమంగా పడితే దెబ్బ తగిలిన ప్రతిసారీ ఇంజెక్షన్ అక్కర్లేదు. చివరి డోసు పడి ఐదేళ్లు దాటితే మురికి గాయానికి, పదేళ్లు దాటితే ఏ గాయానికైనా ఒకటి వేయిస్తే సరిపోతుంది.

అసలు దిగులు తాతయ్య గురించి. సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది 1985లో. నాయనమ్మకు కానుపుల సమయంలో టీటీ పడి ఉండవచ్చు. తాతయ్యకు అదీ లేదు. మనవణ్ణి చేలోకి తీసుకెళ్లేది, పెంట తోలేది, ముల్లు దిగితే అక్కడికక్కడే పీకి పారేసి పని చేసుకునేది ఆయనే. ఆయనకు ఇదే మొదటిసారి అయితే ఒక్క ఇంజెక్షన్ చాలదు. పిల్లల్ని దించడానికి వెళ్లినప్పుడు మొదటిది వేయించండి. నాలుగు వారాలు గడిచాక రెండోది, సెలవులు అయ్యేలోపే పడిపోతుంది. మూడోది ఆరు నెలల నుంచి ఏడాది లోపు కాబట్టి, సంక్రాంతికి వెళ్లినప్పుడు.