ముందటేటి జాడీ

రండర్రా, ఇలా అరుగు మీదికి. ఆ కూత విన్నారా? షాలిమార్ స్టేషన్లోంచి మన హైదరాబాదు వెళ్లే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ కాబోలు. సరే, మీ మావయ్య ఆఫీసులో మొన్న నెట్ ఎందుకు ఆగిపోయిందో చెబుతాను వినండి.

అందరి తరఫునా బయటికెళ్లి వెబ్ పేజీలు తెచ్చిపెట్టే కంప్యూటరొకటి ఉంటుంది. అదే ప్రాక్సీ సర్వర్. వీధి మొత్తానికీ ఒక్కడే సంతకెళ్లి సరుకులు తెచ్చినట్టు. వాళ్ల దాంట్లో స్క్విడ్ అనే ప్రోగ్రాము ఉంది. ఎవరు ఎప్పుడు ఏమడిగారో వరుసగా రాసుకుంటుంది. టైము మాత్రం మనలా రాయదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లయ్యాయో ఆ లెక్క వేస్తుంది! ఆ చిట్టానే లాగ్ అంటారు. లాగ్ అంటే అసలు దుంగ. వెనకటి ఓడవాళ్లు ముడులేసిన తాడుకి చెక్క కట్టి నీళ్లలో వదిలి, ఎన్ని ముడులు జారాయో చూసి ఓడ వేగం పుస్తకంలో ఎక్కించేవారు. ఆ పుస్తకానికే చెక్క పేరు అంటుకుంది.

ఆ చిట్టా పెరిగి పెరిగి డిస్కు నిండింది. రాయడానికి చోటు లేక స్క్విడ్ చతికిలబడింది.

మీ అమ్మమ్మ ఏటా కొత్తావకాయ పెట్టగానే, వాడుతున్న జాడీ నిరుటిదవుతుంది, నిరుటిది ముందటేటిదవుతుంది, ఇంకా పాతది ఖాళీ. లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము రోజూ చేసేది ఇదే. పైగా పాతవాటిని ఎండిన వడియాల్లా కుదిస్తుంది. చిట్టాలో అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కదా, అందుకే బాగా ముడుచుకుంటాయి.

మెలిక ఎక్కడుందంటే, మీ మావయ్య మొదట ఫైలు పేరు మాత్రమే మార్పించాడు. తెల్లారి చూస్తే కొత్తది సున్నా, పాతదే లావెక్కుతోంది! అమ్మమ్మ పప్పు రుబ్బుతూ పిండి గిన్నెలోకి తోస్తోందనుకోండి. ఆ గిన్నె మీద సుద్దతో 'నిన్నటిది' అని రాసి, పక్కన కొత్త గిన్నె పెడితే? ఆవిడ చెయ్యి పాత గిన్నెలోకే పోతుంది. ప్రోగ్రామూ అంతే. తెరిచి పట్టుకున్న ఫైలునే చూస్తుంది, దాని పేరు చూడదు. "అమ్మమ్మా, గిన్నె మార్చు" అని చెప్పాలి. ఆ కబురే 'స్క్విడ్ మైనస్ కె రొటేట్'. అది వినగానే పాతది మూసి కొత్తది తెరుస్తుంది.

ఇంకోటి. స్క్విడ్‌కి తనంతట తానే పాత చిట్టాలకు నంబర్లేసే అలవాటుంది. లాగ్‌రొటేటూ అదే చేస్తే, ఇద్దరు కోడళ్లు ఒకే కూరకి ఉప్పేసినట్టవుతుంది. అందుకని స్క్విడ్ సెట్టింగులో 'లాగ్‌ఫైల్ రొటేట్' పక్కన సున్నా పెట్టాలి.

ఏమిట్రా బుజ్జీ? పాతవి పారేస్తే నష్టం కాదా అంటావా? ఆదివారం ఈ షాలిమార్ దగ్గరి బొటానికల్ గార్డెన్‌లో మర్రిచెట్టు చూశావుగా! శిలీంధ్రం పట్టిందని 1925లో మొదలు మాను తీసేశారు. అయినా చెట్టు ఊడల మీద నిలబడే ఉంది. అలాగని తొందరపడి పారేయకూడదు. కంప్యూటర్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశం ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి. మావయ్య రోజుకొకటి చొప్పున 180 ఉంచమన్నాడు, అవి పట్టే డిస్కు కూడా కొనిపించాడు.

అదిగో, అమ్మమ్మ పిలుస్తోంది. ముందటేటి జాడీ అడుగున ఇంకా రెండు ముక్కలున్నాయట. ఎవరికి కావాలి?