బోల్టు బిగువు – పీడనమాపకము

ఆలూరు, ఆదోని ప్రాంతములలో ఎద్దుబండి చక్రమునకు కమ్మరి ఇనుప కట్టు వేయు విధము పెద్దలకు తెలిసినదే. కట్టును ఎఱ్ఱగా కాల్చి, అది వ్యాకోచించిన పిదప చక్రముపై దించి నీళ్లు పోయుదురు. చల్లారి కుంచించుకొనబోవు ఇనుమును కొయ్య అడ్డగించును. కావున కట్టు సాగిన స్థితిలోనే నిలిచి చక్రమును పట్టియుంచును. యంత్రశాలలో పీడనమాపకమును పట్టియుంచు బోల్టు చేయు పనియు ఇదియే.

కడప జిల్లాలో ముద్దనూరు సమీపమున 1994లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము వంటి చోట్ల ఆవిరి పీడనమును అనుక్షణము కనిపెట్టుచుండవలెను. మాపకపు ఫ్లాంజిని ఆవిరి ఎంత బలముతో త్రోయునో లెక్కింతము. పీడనము చదరపు సెంటీమీటరుకు 40 కిలోగ్రాములు, రంధ్రపు వ్యాసము 5 సెంటీమీటర్లు అనుకొందము. వైశాల్యము 19.6 చదరపు సెంటీమీటర్లు. బలము సుమారు 785 కిలోగ్రాముల బరువు. అనగా దాదాపు ఎనిమిది క్వింటాళ్లు! నాలుగు బోల్టులున్నచో ఒక్కొక్కదాని వంతు 196 కిలోగ్రాములు. ప్రతి బోల్టును ముందుగనే అంతకు మించిన బలముతో సాగదీసి యుంచవలెను. లేనిచో గాస్కెట్ వదులై ఆవిరి చిమ్మును. అధికపీడనపు ఆవిరి బయటపడినచోట కంటికి కానరాదు. ఒడలు కాలిన తరువాతనే తెలియును.

అట్లని బలమున్నంత మేర బిగింపరాదు. స్థితిస్థాపక హద్దు దాటిన బోల్టుకు హుక్ సూత్రము వర్తింపదు. అది శాశ్వతముగా సాగిపోవును. పైగా పానాపై మనము చూపు ప్రయత్నములో సుమారు పదవ వంతు మాత్రమే బోల్టును సాగదీయును. మిగిలినది మరలలోను, నట్టు క్రిందను ఘర్షణకే పోవును. మరలకు నూనె యున్నచో ఒక తీరు, లేనిచో మరొక తీరు. కావుననే చేతి అంచనాను నమ్మక టార్క్ పానాను వాడుదురు.

బిగించు క్రమము కూడ ముఖ్యమే. బోల్టులకు వరుసగా అంకెలు వేసినచో 1, 3, 2, 4 అను ఎదురెదురు క్రమమున, మూడు విడతలుగా బిగింపవలెను. ఒకవైపే బిగించినచో గాస్కెట్ ఆ వైపు నలుగును. మాపకములోని పలుచని పొర మెలిపడి, పీడనము లేకున్నను ముల్లు సున్న వద్ద నిలువదు. కావున ఆవిరి వదలుటకు ముందు సున్నను సరిచూడవలెను.

దీనిని తరగతిలో చూపవచ్చును. రెండు మందపు పలకల నడుమ సైకిలు ట్యూబు ముక్క నుంచి, నాలుగు మూలల బోల్టులు దూర్చుడు. మొదట ఒక్క బోల్టునే పూర్తిగా బిగించి, పలకలను దీపమునకు అడ్డముగా పట్టి చూడుడు. ఏ అంచున వెలుతురు కనబడునో, యంత్రశాలలో ఆవిరి అచ్చటనే దారి చేసికొనును.