చీకటిని దాచే డబ్బా

పాత ఫిల్ము డెవలపింగ్ ట్యాంకు చేతికొస్తే ముందు మూత తీసి, మధ్యలో నల్లటి గొట్టం ఉందో లేదో చూడాలి. చేతులు మారిన ట్యాంకుల్లో తరచుగా పోయేది అదే. రీలును నిలబెట్టే కడ్డీలా కనిపిస్తుంది కాబట్టి లేకపోయినా పర్వాలేదనిపిస్తుంది. నిజానికి ట్యాంకు తెలివంతా ఆ గొట్టంలోనే ఉంది. మూతలోని గరాటు కాడ అందులోకి దిగుతుంది. పోసిన మందు గొట్టం అడుగుదాకా జారి, అక్కడ పక్కకు తిరిగి ఫిల్మును చేరుతుంది. వెలుగు అలా మలుపు తిరగలేదు. తిన్నగా వెళ్లి నల్ల ప్లాస్టిక్‌కు తగిలి అక్కడే ఇంకిపోతుంది. గొట్టం పెట్టకుండా మూత బిగిస్తే గరాటులోంచి వచ్చిన వెలుగు రీలంతా పాకుతుంది. కడిగి తీసేసరికి నెగటివ్ మొత్తం నల్లబడి ఉంటుంది.

ఈ డబ్బా రాకముందు ఫిల్ము కడగాలంటే ఒక గదినే చీకటి చేసుకోవాలి. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తొలి కొడాక్ కెమెరా అమ్మినప్పుడు, నూరు ఫోటోలు తీశాక కెమెరాను అలాగే రాచెస్టర్‌లోని తన ఫ్యాక్టరీకి పంపేయమన్నాడు. కడగడం కొన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదని ఆయన లెక్క. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ దగ్గర కార్యదర్శిగా పనిచేసిన ఆర్థర్ మెకర్డీ, పట్టపగలు ఫిల్ము కడిగే పెట్టె తయారుచేసి ఆ లెక్క మార్చాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దాని హక్కులను ఈస్ట్‌మనే కొనుక్కున్నాడు.

అయినా చాలామంది పాత పద్ధతి వదల్లేదు. అప్పటి ఫిల్ముకు ఎరుపు ఆనదు. ఎర్రదీపం కింద ఫిల్ము రెండు చివరలూ పట్టుకుని, ట్రేలోని మందులో పైకీ కిందకీ ఆడిస్తూ, బొమ్మ తేలడం కళ్లారా చూస్తూ కడిగేవాళ్లు. ఎరుపును కూడా పట్టే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చాక ఆ దీపమూ ఆర్పేయాల్సి వచ్చింది. (సినిమాల్లో ఎర్రదీపం కింద చూపించేది కాగితం మీద ప్రింటు వేయడం. ఫిల్ము కడగడం కాదు.) 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా, 36 ఫోటోల ఫిల్మును అలవాటు చేసింది. మీటరున్నర దాటిన ఫిల్మును కటిక చీకట్లో ట్రేలో ఆడించడం ఎవరి తరం? పొరకు పొర తగలకుండా చుట్టుకునే స్పైరల్ రీలు అందుకే ట్యాంకులో తప్పనిసరి అయింది.

నా ట్యాంకు విశాఖలో మూతపడిన ఒక స్టూడియోది. కొత్తవలస లైను మీద నేనుండే గనుల ఊరు కిరండూల్ చేరింది. ఇక్కడ రీలుతో గొడవంతా వానాకాలంలోనే. ప్లాస్టిక్ గాడిలో రవ్వంత తడి ఉన్నా ఫిల్ము మీది జిలటిన్ ఉబ్బి అతుక్కుపోతుంది. రీలు రెండు పక్కలనూ ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే అంచుల దగ్గరి చిన్న ఉక్కు గోళీలు ఫిల్మును పట్టి లోపలికి లాగాలి. పాత రీళ్లలో ఆఖరి జాలాడింపు మందు ఏళ్ల తరబడి ఎండి జిగురు కట్టి, ఆ గోళీలు కదలవు. చీకట్లో చెమట చేతులతో తోస్తే ఫిల్ము మడతపడుతుంది, ఆ మడత నెగటివ్ మీద నెలవంకలా అచ్చవుతుంది. పాత టూత్‌బ్రష్‌తో గాడులు వేడినీళ్లలో తోమి, ఎండలో ఒక పూట ఆరబెడితే రీలు మళ్లీ దారికొస్తుంది. ఉక్కు రీలుకు తడితో పేచీ లేదు. కానీ ఒక్కసారి కిందపడి తీగ వంగిందంటే పొరలు ఒకదానికొకటి తగులుతాయి. తగిలినచోటికి డెవలపరూ, బొమ్మను నిలబెట్టే హైపో మందూ రెండూ చేరవు, పాలరంగు మచ్చలు మిగులుతాయి.

కిరండూల్ పక్కనున్న బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని ఏటా 40 లక్షల టన్నుల చొప్పున జపానుకు ఇచ్చే ఒప్పందం కుదిరింది 1960లో. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ఏర్పడిందీ ఆ ఏడే. 1967లో అక్కడ ఫిల్ము తయారీ మొదలైంది, 1968లో ఇక్కడ గని. మన స్టూడియోలన్నిటికీ తెలిసిన ‘ఇందు’ బ్రాండు ఆ ఊటీ సరుకే. ఫిల్ము ఫ్యాక్టరీకి చల్లదనం, దుమ్ములేని గాలి, శుభ్రమైన నీరు కావాలి. ఇంట్లో కడిగేవాళ్లకూ కావాల్సినవి అవే. కిరండూల్‌లో చలికాలం చల్లదనాన్ని ఇస్తుంది. డెవలపర్‌కు లెక్కగట్టే 20 డిగ్రీలు అప్పుడు పెద్దగా కష్టపడకుండానే దొరుకుతాయి. ఎండాకాలంలో ఐసు పెట్టి చల్లబరిచిన డెవలపర్‌లోంచి తీసి వెచ్చటి కుళాయి నీళ్లలో ముంచితే జిలటిన్ ముడతలు పడుతుంది. హైపోలో పటిక కలిపే అలవాటు ఆ జిలటిన్‌ను గట్టిపరచడానికి వచ్చిందే.

ఇక నీళ్లు. గనుల మట్టితో శంఖిని నది ఎర్రబారడం ఈ ప్రాంతం ఎరిగిన బాధ. ఆ ఎరుపు చాలావరకు కరగని మట్టి. కుళాయికి గుడ్డ కడితే కొంత ఆగుతుంది. ఆగనిది మెత్తబడిన జిలటిన్‌లో దిగబడి, ప్రింటులో తెల్లచుక్కలై తేలుతుంది. కంటికి కనపడకుండా కరిగిన ఇనుము అంతకన్నా ప్రమాదం. లేశమాత్రం ఉన్నా చాలు, తాను ఖర్చు కాకుండానే డెవలపర్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసిపోయే వేగాన్ని పెంచుతుంది. కొడాక్ 1920ల్లో సినిమా ఫిల్ము కోసం తయారుచేసిన డి-76లో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది కాబట్టి అది కొంత తట్టుకుంటుంది, పాడయ్యేటప్పుడు రంగు మారి హెచ్చరిస్తుంది కూడా. 1996లో వచ్చిన ఎక్స్‌టాల్ అలా కాదు. విటమిన్ సి కుటుంబపు రసాయనంతో చేసిన మందు అది. మెత్తటి రేణువుతో చక్కటి నెగటివ్ ఇస్తుంది. చచ్చిపోతే మాత్రం రంగూ వాసనా మారకపోవచ్చు, ఫిల్ము ఖాళీగా బయటికొస్తుంది.

అందుకని ఇక్కడ డెవలపర్ కలపడానికి ఇన్వర్టర్‌లో పోసే బ్యాటరీ వాటరే వాడతాను. ఆఖరి జాలాడింపూ దాంతోనే. కలిపాక సీసా మూతిదాకా నింపి గాలి లేకుండా బిగిస్తాను. ఎంత జాగ్రత్తపడ్డా ప్రతి రీలుకు ముందు ఒక పరీక్ష తప్పదు. ఫిల్ము మొదట్లో వెలుగు తగిలిన నాలుక ఉంటుంది, ఎలాగూ కత్తిరించి పారేసేదే. దాన్ని పగటి వెలుగులోనే డెవలపర్‌లో వేసి చూడాలి. కొద్ది నిమిషాల్లో బొగ్గులా నల్లబడితే మందు బతికుంది. బూడిదరంగు దగ్గరే ఆగితే ఆ సీసా పారబోసి కొత్తది కలుపుకోవాలి. అలాంటిదే ఇంకో ముక్కను హైపోలో వేసి, పాలరంగు పోయి తేటపడడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకుంటే, ఆ రోజు రీలును దానికి రెండింతల సేపు హైపోలో ఉంచాలి.